స్టేషను గడప తొక్కనివాళ్ళ తీర్పులు

సంపాదకులు గారికి,

నమస్కారం.

"మా ఇంటావంటా స్టేషను గడప తొక్కినవాళ్ళు లేరండీ" అని మన విశాఖలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. పెళ్ళి సంబంధాల్లో ఆస్తుల లెక్క అయ్యాక వచ్చే మాట అది. ఆ మనిషే పూర్ణా మార్కెట్లోనో మద్దిలపాలెం టీకొట్టు దగ్గరో నిలబడి, పోలీసులు అమ్ముడుపోయారనీ, కోర్టులు దొంగల్ని వదిలేస్తున్నాయనీ, ఎన్‌కౌంటరే సరైన మందనీ తీర్పు చెప్పేస్తాడు. తొక్కని గడప లోపలి సంగతి అంత కచ్చితంగా ఎలా తెలుస్తుందో మరి!

పోలీసుల మీద అనుమానం కూడదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అనుమానం ఉండాల్సిందే, దానికి కారణాలూ ఉన్నాయి. గొడవల్లా అది తగలాల్సిన చోట తగలకపోవడమే. నిందితుడికి బెయిలొస్తే తిడతాం, కేసు కొట్టేస్తే తిడతాం. ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వకపోతే మాత్రం "సరే సార్" అని ఇంటికి వచ్చేస్తాం. చాలా కేసులకు ప్రాణం పోయేది అక్కడే.

స్టేషనులో సాధారణంగా జరిగేది ఇది. రైటరు (స్టేషను రాతపని చూసే పోలీసు) కాగితం తీసుకుంటాడు, పైనుంచి కిందికి చూస్తాడు, "సీఐ గారు బందోబస్తులో ఉన్నారు, రేపు కనపడండి" అంటాడు. మనం "కేసు పెట్టేశాం" అనుకుంటూ వస్తాం. వాళ్ళ లెక్కలో అది కేసు కాదు, పిటిషన్. పిటిషన్ అంటే ఇరుపక్షాల్నీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడి పంపేసే కాగితం. ఎఫ్‌ఐఆర్ అంటే నంబరు, సంవత్సరం, సెక్షన్లు, సమాచారం అందిన గంట, నిమిషం ఉన్న కాగితం. దాని ప్రతి ఒకటి మేజిస్ట్రేటుకి వెళ్తుంది, ఇంకొకటి ఫిర్యాదు చేసినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 173వ సెక్షను, పాత చట్టంలో 154. కాగితం చదవగానే కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులోనే చెప్పింది.

కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఇచ్చారు. 3 ఏళ్ళు మొదలుకొని 7 ఏళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో, కేసు కట్టేముందు డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. దానికి గడువు 14 రోజులు. మనది కమిషనరేట్ కాబట్టి ఇక్కడ డీఎస్పీ స్థానంలో ఏసీపీ ఉంటారు. అందుకని "ఎంక్వయిరీలో ఉందమ్మా" అన్న జవాబు వచ్చినప్పుడు గొంతు పెంచక్కర్లేదు. ఏసీపీ గారి అనుమతి ఏ తేదీన తీసుకున్నారు, 14 రోజులు ఎప్పటికి పూర్తవుతాయి అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. అనుమతి లేని ఎంక్వయిరీ అయితే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది.

"మా పరిధి కాదు" అన్నది ఇంకో పాత పాట. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సులో బ్యాగు పోయిందని ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాక తెలిస్తే, ఎక్కడ పోయిందో ప్రయాణికుడు ఎలా చెబుతాడు? చెప్పక్కర్లేదు. ఏ స్టేషనైనా జీరో నంబరుతో ఎఫ్‌ఐఆర్ కట్టి, పరిధి ఉన్న స్టేషనుకి పంపాలి. ఇప్పుడిది ఎవరో దయతలచి చేసే పని కాదు, 173లో రాసి ఉన్న మాట. ఆన్‌లైన్లోనూ సమాచారం ఇవ్వవచ్చు గానీ 3 రోజుల్లోపు స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి. ఈ సంతకం సంగతి తెలియక, పంపేశాం కదా అని ఇంట్లో కూర్చునేవాళ్ళున్నారు.

పోయిన వస్తువు విలువ దగ్గర కూడా జాగ్రత్త పడాలి. 5,000 రూపాయల లోపు దొంగతనం ఇప్పుడు నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. మూడేళ్ళు వాడిన ఫోనుకి మనమే "సుమారు 4,000 ఉంటుంది" అని రాసిచ్చి, ఆ తర్వాత పట్టించుకోలేదని తిట్టుకుని లాభం లేదు. కొన్న బిల్లు, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు నంబరు) జతచేసి ఉన్న విలువ ఉన్నట్టు రాయాలి. ఫోను చేతిలో ఉండగానే స్టార్ హాష్ 06 హాష్ కొట్టి ఆ నంబరు డైరీలో రాసుకునేవాళ్ళు ఎంతమంది? పోయాక ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్లో ఫోనును బ్లాక్ చేయించాలన్నా అదే నంబరు కావాలి.

అన్నీ చెప్పాక కూడా కేసు కట్టకపోతే? ఫిర్యాదు నకలు, రాకపోకల తేదీలతో కమిషనర్ గారికి స్పీడ్ పోస్టులో పంపాలి. అదీ కదలకపోతే కొత్త చట్టం 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర అఫిడవిట్‌తో పిటిషన్. పోస్టల్ రసీదు, అందినట్టు చూపే కాగితం పారేసుకుంటే ఆ పిటిషన్ వెనక్కి వస్తుంది. ముందు స్టేషనుకి, తర్వాత పై అధికారికి వెళ్ళినట్టు కాగితం చూపనిదే కోర్టు వినదు. ఈ 20 గ్రాముల కాగితాల విలువ తెలియక నష్టపోయేవాళ్ళే ఎక్కువ.

ఇక మన వైపు తప్పుల సంగతి. ఇవి చెబితే చాలామందికి కోపం వస్తుంది.

కంచరపాలెంలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు కుళాయి దగ్గర కొట్టుకున్నారనుకుందాం. కర్రతో కొట్టినవాడు ఒకడు. ఫిర్యాదు రాయించేటప్పుడు పక్కనున్న పెద్దమనిషి "ఒక్కడి పేరు రాస్తే ఏం భయముంటుంది, ఇంటిల్లిపాదినీ రాయండి" అంటాడు. ఆరుగురి పేర్లు ఎక్కుతాయి. వాళ్ళలో ఒకడు ఆ రోజు బెంగళూరు ఆఫీసులో ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత డిఫెన్సు లాయరు అడిగే క్రాస్‌లో హాజరు రికార్డు బయటికి వస్తుంది. ఆ ఒక్క పేరుతో, నిజంగా కొట్టినవాడి మీద చెప్పిన మాట కూడా పలచబడిపోతుంది. చట్టం ప్రకారం ఒక అబద్ధం ఉంటే సాక్ష్యమంతా తోసెయ్యాలని లేదు. కానీ అనుమానం అంటూ పుట్టాక దాని లాభం నిందితుడికే వెళ్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి మనం అనే మాట: "జడ్జిని కొనేశారు."

అదే గొడవలో తల పగిలినవాణ్ణి కేజీహెచ్‌కి తీసుకెళ్తారు. ఎలా తగిలిందని డ్యూటీ డాక్టరు అడుగుతాడు. పోలీసు కేసంటే వైద్యం ఆలస్యమవుతుందన్న భయంతో వెంట వచ్చినవాళ్ళు "మెట్ల మీద జారిపడ్డాడండీ" అంటారు. డాక్టరు అదే రాస్తాడు, ఆయన పని అది. గాయం ధ్రువపత్రంలో ఆ లైను అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎన్ని వాంగ్మూలాలిచ్చినా డిఫెన్సు లాయరు చేతిలో ఆ కాగితం ఉంటుంది: "సంఘటన జరిగిన అరగంటకి మీరు చెప్పింది ఇది కాదా?" కొట్టినవాడెవరో తెలిసీ "గుర్తుతెలియనివాళ్ళు కొట్టారు" అని చెప్పినా ఫలితం ఇంతే. డాక్టరుకి పేర్లన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు, కొట్టారన్నది నిజమైతే ఆ మాట చెప్పడం ముఖ్యం.

ఫిర్యాదు మూడు రోజుల తర్వాత ఇస్తే ఆ మూడు రోజులూ ఏం చేశారో ఫిర్యాదులోనే రాయాలి. ఆసుపత్రిలో ఉన్నాం, ఊళ్ళో పెద్దలు రాజీ అన్నారు, ఆడపిల్ల విషయమని జంకాం, ఏదైతే అది. ఆలస్యం ఒక్కటే కేసుని చంపదు, కారణం చెప్పని ఆలస్యం చంపుతుంది.

సాక్షుల సంగతికి వస్తే, మనవాళ్ళకి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. దర్యాప్తు అధికారి అడిగి రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు. ఇది పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. అయినా "ఇక్కడో సంతకం పడెయ్యండి" అని తెల్లకాగితం ముందు పెడితే పెట్టేసేవాళ్ళున్నారు. ఆ కాగితం రేపు పంచనామా (సోదా, జప్తు సాక్షుల ముందు జరిగిందని రాసే కాగితం) అవుతుంది, సాక్షి చూడని చోట చూసినట్టు ఉంటుంది. పంచనామా మీద సంతకం ఉండాలి, అది వేరే కాగితం. పెట్టేముందు చదవాలి. తేదీ, మొదలైన గంట, ముగిసిన గంట, ఎక్కడ, ఏమి స్వాధీనం చేసుకున్నారు అన్నవి నిండి ఉన్నాయో లేదో చూడాలి. 60 దాటిన పెద్దవాళ్ళని, ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని, వికలాంగుల్ని, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళని సాక్ష్యం కోసం స్టేషనుకి రమ్మని పట్టుబట్టకూడదు. అధికారే ఇంటికి వచ్చి అడగాలి. ఫోన్లో "ఒకసారి వచ్చి వెళ్ళమ్మా" అంటే "నోటీసు పంపండి, ఇంటి దగ్గరే చెబుతాం" అనడం ధిక్కారం కింద రాదు.

కోర్టు దశలో సాక్షి పడే కష్టం నిజమైనదే. సమన్లు తీసుకుని కోర్టు కానిస్టేబులు వస్తాడు. సాక్షి రోజుకూలీ వదులుకుని గాజువాక నుంచో భీమిలి నుంచో వస్తాడు. మధ్యాహ్నం దాకా కారిడార్లో నిలబడతాడు, అదే గోడకి ఆనుకుని నిందితుడి మనుషులూ ఉంటారు. చివరికి "సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారు" అంటే వాయిదా. పరిస్థితి చేతిలో లేనప్పుడు కూడా రెండుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని కొత్త చట్టం రాసింది. రాసిన సంగతి గోడలకీ తెలుసు. మూడోసారికి సాక్షి "నాకేమీ తెలియదు సార్" అనేస్తాడు, ప్రభుత్వ లాయరు (ఏపీపీ) లేచి అతన్ని ఎదురుతిరిగిన సాక్షిగా, అంటే హాస్టైల్‌గా ప్రకటించమంటాడు. ఆ సాక్షిని ఎవరూ కొనలేదు, విసిగించి పంపారు. వచ్చిన ప్రతిసారీ బత్తా అడగాలి, వాయిదా వేసినా అడగాలి. ఎక్కువ కాకపోయినా రాకపోకల ఖర్చు అది, అడిగినవాళ్ళకి ఇస్తారు.

జాతీయ రహదారి మీద, హనుమంతవాక దగ్గరో ఎన్‌ఏడీ దగ్గరో, ప్రమాదం జరిగితే జనం వీడియో తీస్తారు గానీ ముట్టుకోరని పత్రికలు తరచూ రాస్తాయి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ చేరింది. గాయపడినవాళ్ళని ఆసుపత్రిలో చేర్చినవాళ్ళు పేరు, చిరునామా చెప్పనక్కర్లేదు, వాళ్ళని ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. ఇష్టపడి సాక్షిగా ఉంటానంటే ఒక్కసారే, వాళ్ళకి వీలైన చోట అడగాలి, ఇంటికి వెళ్తే యూనిఫాం లేకుండా వెళ్ళాలి. ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకి కూడా ఈ సంగతి తెలియాలి, "తెచ్చినవాళ్ళు ఉండండి" అని అరిచేది వాళ్ళే.

గంజాయి కేసుల మీద విశాఖలో ఉన్నంత చర్చ ఇంకెక్కడా ఉండదు కాబట్టి దాని లోపలి సంగతి కాస్త చెప్పాలి. ఏజెన్సీ నుంచి వచ్చే సరుకు ఊరు దాటేది ఇటునుంచే. 1 కిలో లోపు స్వల్ప పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం అంటారు. 20 దాటితే కనీసం 10 ఏళ్ళు, బెయిలు దాదాపు అసాధ్యం, ఛార్జిషీటుకి 180 రోజుల గడువు. 19 కిలోలయితే సంగతి వేరు. అంటే తూకమే తీర్పు. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగాలు. వాటితో కలిసి లేని ఆకు, గింజ లెక్కలోకి రావు. పంచనామాలో "సంచితో సహా 21 కిలోలు" అని రాసి, సంచి బరువు, ఆకు, కాడ తీసి చూడకపోతే ఆ సందు లాయరుకి చాలు. నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో మాదకద్రవ్యాల చట్టం 52ఏ ప్రకారం తీయాలి. సీలు మీద అక్షరాలు పంచనామాలో ఒకలా, ల్యాబు రిపోర్టులో ఇంకోలా ఉంటే ఆ ప్యాకెట్టు ఈ కేసుదేనని ఎవరు నమ్ముతారు? ఒంటిమీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందు చేయించుకునే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలి. అది చెప్పినట్టు కాగితం ఉండాలి. మధ్యవర్తులుగా (పంచనామా సాక్షులుగా) ప్రతి కేసులోనూ అవే వీఆర్వోల, సచివాలయ ఉద్యోగుల పేర్లు కనిపిస్తే క్రాస్‌లో మొదటి ప్రశ్న "ఇప్పటికి ఎన్ని కేసుల్లో సంతకం పెట్టారు?" అన్నదే. ఇప్పుడు సోదా, జప్తు వీడియో తీసి మేజిస్ట్రేటుకి పంపాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షను అంటోంది. ఇది పక్కాగా జరిగితే సగం వాదనలు ఆగిపోతాయి. పోలీసులకీ మేలే, అమాయకుడికీ మేలే. మూట మోసిన కుర్రాడు జైల్లో మగ్గుతుంటే కొన్నవాడి పేరు ఛార్జిషీటులో "పరారీ" అన్న మాటతో ఆగిపోవడం ఇంకో కథ. జనం కోపం అక్కడికి మాత్రం వెళ్ళదు.

బెయిలు మీద ఉన్నంత అపోహ దేనిమీదా లేదు. బెయిలు అంటే వదిలేయడం కాదు, వాయిదాకి వస్తానని పూచీ మీద బయట ఉండటం. 7 ఏళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో 2014లో చెప్పింది. అందుకే ముందు నోటీసు ఇస్తారు. పాత 41ఏ ఇప్పుడు 35(3) అయింది. మనవాళ్ళు దాన్ని స్టేషన్ బెయిల్ అంటారు. అరెస్టయినవాడి మీద 60 రోజుల్లో, పెద్ద నేరమైతే 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. దానికి తిట్టాల్సింది మేజిస్ట్రేటుని కాదు, 61వ రోజు దాకా ఫైలు కదలనివ్వనివాణ్ణి. ఫిర్యాదుదారు కూడా ఇందులో చేయగలిగింది ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు తెలియజేయాలని కొత్త చట్టం పోలీసులకు చెప్పింది. 80వ రోజున ఒక కాగితం రాసి అడగండి. కేసు మూసేస్తూ ఫైనల్ రిపోర్టు వేస్తే నోటీసు రావాలి. వచ్చాక ఊరుకోకుండా ప్రొటెస్ట్ పిటిషన్ (అభ్యంతరం తెలిపే పిటిషన్) వేయవచ్చు. కేసు కొట్టేస్తే బాధితులు సొంతంగా అప్పీలు చేసుకోవచ్చు, ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. లాయరు ఖర్చు భయమైతే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేదు.

సెటిల్‌మెంట్ల గురించి ఒక్కమాట. మధురవాడ, ఆనందపురం వైపు స్థలాల ధరలు పెరిగాక సరిహద్దు రాయి కదిలిందంటే జనం ముందు వెళ్ళేది సివిల్ కోర్టుకి కాదు, స్టేషనుకి. "రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అని మనమే అడుగుతాం. మన తరఫున తగిలిస్తే మంచి సీఐ, అవతలివాడి తరఫున తగిలిస్తే అమ్ముడుపోయిన సీఐ! స్టేషనును కచేరీ చావడిగా వాడుకోవడం మానితే గానీ అక్కడ పంచాయితీలు ఆగవు.

ఇక పెద్ద సంగతి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. మన ఊళ్ళోనూ స్వీట్లు పంచుకున్నవాళ్ళు లేకపోలేదు. వారం తిరిగేసరికి మన శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. పూలు చల్లినప్పటి ఫొటోలు చూసినంతమంది ఆ నివేదిక చదవలేదు.

దాని పక్కన వాకపల్లిని పెట్టి చూడండి. 2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలోని ఆ ఊరి ఆదివాసీ మహిళలు 11 మంది, నక్సల్స్ కోసం పెట్టిన ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు ఇచ్చారు. విచారణ జరగాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు పోలీసులందరినీ నిర్దోషులుగా వదిలింది, దర్యాప్తు నిష్పక్షపాతంగా జరగలేదని తప్పుపడుతూ బాధితులకి పరిహారం ఇమ్మంది. దాదాపు 16 ఏళ్ళు. ఎన్‌కౌంటర్ చేయగలిగే పోలీసులే, తమవాళ్ళ మీద ఫిర్యాదు వస్తే దర్యాప్తు చేయాల్సిన పోలీసులు కూడా. ఒకచోట కోర్టు అక్కర్లేదన్నవాళ్ళం, ఇంకోచోట కోర్టు ఏం చేసిందని అడగలేం. గుర్తింపు పరేడు (వరసలో నిలబెట్టినవాళ్ళలో నిందితుణ్ణి సాక్షి గుర్తుపట్టడం) వెంటనే పెట్టడం, వైద్య పరీక్ష ఆలస్యం కానివ్వకపోవడం, ఇలాంటి చిన్న పనులు మొదటి వారంలో జరగకపోతే పదేళ్ళ తర్వాత ఏ జడ్జీ వాటిని పుట్టించలేడు.

కస్టడీలో కొట్టారన్న ఫిర్యాదులకి కూడా ఆధారం ఉండే చోటు ఒకటి ఉంది. స్టేషనులో అన్ని ద్వారాల దగ్గరా, లాకప్పులోనూ, వరండాలోనూ సీసీ కెమెరాలుండాలనీ, రికార్డింగు 18 నెలలు దాచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. మనిషిని తీసుకెళ్ళిన రోజే, గంట సహా రాసి, ఫుటేజీ భద్రపరచమని స్టేషనుకీ కమిషనర్‌కీ కాగితం పెట్టాలి. తర్వాత "హార్డ్ డిస్కు పాడైంది" అన్న జవాబు వస్తే ఆ జవాబే సాక్ష్యంగా నిలుస్తుంది. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అంతకుముందు డాక్టరుకి చూపాలి. మేజిస్ట్రేటు "కొట్టారా?" అని అడిగినప్పుడు పక్కన కానిస్టేబులు ఉన్నాడని "లేదు" అనేస్తే అది రికార్డులో ఉండిపోతుంది. అడక్కపోయినా చెప్పవచ్చు.

సంపాదకులు గారూ, చివరగా మీ పత్రికతో ఒక పని. దొంగ దొరికిన మర్నాడు ముసుగుల ఫొటో, బల్ల మీద పేర్చిన నగలు, వెనక వరసలో అధికారులు, కింద "విచారణలో నేరం అంగీకరించాడు" అని వేస్తున్నారు. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఆ మాట వల్ల దొరికిన వస్తువు మేరకే పనికొస్తుంది. చదివినవాడికి ఆ రోజే కేసు తేలిపోయినట్టు అనిపిస్తుంది, అందుకే మూడేళ్ళ తర్వాత కొట్టేశారంటే కోర్టు మీద మండిపడతాడు. ముసుగు లేని ఫొటో వేస్తే మరీ ప్రమాదం. గుర్తింపు పరేడులో సాక్షి గుర్తుపట్టినా "పేపర్లో చూశావు కదా" అంటారు. "అంగీకరించాడు" బదులు ఏ స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరెంత, ఏ సెక్షన్లు అన్నవి వేయండి. ఛార్జిషీటు పడ్డాక కోర్టు ఇచ్చే కేసు నంబరు (సీసీ నంబరు) వేయండి. దాంతో ఎవరైనా ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా వాయిదాకీ ఏం జరిగిందో చూసుకోవచ్చు. తీర్పు వచ్చిన రోజున, అరెస్టు వార్త వేసిన పేజీలోనే రెండు లైన్లు వేయండి: శిక్ష పడితే ఏ సాక్ష్యం మీద, కొట్టేస్తే ఏ లోపం వల్ల. రసీదు ఇవ్వలేదా, సాక్షి రాలేదా, సీలు తేడానా, ఆరో పేరు అబద్ధమా అన్నది అందులోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే ఒక న్యాయవాది,
విశాఖపట్నం